మంగళంలో ఇంజను పడవ

కళింగపట్నం రేవులో ఈ ఉదయం ఇంజను పడవ టపటపా మోగుతుంటే ముందు కోపం రాబోయింది, అంతలోనే నవ్వొచ్చింది. వరాలమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ విజయనగరంలో హరికథలు చెప్పేవారు. నాకొచ్చిన నాలుగు కీర్తనలూ ఆవిడ పెట్టిన భిక్షే. గుహుడు రాముణ్ణి ఏరు దాటించిన కథను, మాటన్నదే లేకుండా, మొదటి నుంచి చివరిదాకా పాటగానే సినిమా తీస్తానంటే డెబ్బయ్యేళ్ల వయసులో చిడతలు పట్టుకుని నా వెంట వచ్చేశారు. నాకది మొదటి సినిమా. పేరూ లేదు, ఓపికా లేదు. మొదటి రోజే వెలుగు బాగుందని, కథ చివర పాడే మంగళం ముందే తీసేద్దామన్నాను. సినిమావాళ్లకది మామూలే. ఆవిడ చిడతలు సంచిలో పెట్టేశారు.

“మంగళం పాడీసినాక ఇంక కథేటుంటాది? ఇంటికెలిపోడమే.”

చేసేదేముంది, వరసలోనే తీశాం. ఆఖరి సాయంత్రం ఈ రేవులోనే, వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి ఆవిడ మంగళం ఎత్తుకున్నారు. అలాంటి గొంతు నేను మళ్లీ వినలేదు. సరిగ్గా ఆఖరి చరణంలో ఎవరిదో ఇంజను పడవ వచ్చిపడింది. ఆపమని రెండు చేతులూ ఊపాను. పడవా ఆగలేదు, ఆవిడా ఆగలేదు. పూర్తిచేసి దండం పెట్టుకున్నారు.

“ఇంకొక్కసారి, అమ్మగారూ!” ఏడుపొక్కటే తక్కువ నాకు.

“మంగళం మీద మంగళం పాడకూడదే పిల్లా. కావాలంటే కథ మొదట్నుంచీ ఎత్తుకుంటాను. సెప్పు, పాడమంటావా?”

వేళాకోళం కాదు, నిజంగానే పాడేవారు. రెండు గంటల కథ! వాచిపోయిన ఆ పాదాలు చూసి వద్దన్నాను. కానీ నా సినిమా పాడైపోయిందని నెల రోజులు ఆవిడతో సరిగా మాట్లాడలేదు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

రాజాంలో మొదటిసారి ప్రదర్శించినప్పుడు ఆ చోటు రాగానే తల దించుకున్నాను. ముందు వరసలో ఒక ముసలమ్మ గట్టిగా అంది: “ఓలమ్మ! గుహుడు ఇంజను పడవ కొన్నాడేటే!”

హాలంతా గొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది నా పక్కన కూర్చున్న వరాలమ్మగారే. కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకున్నారు. “సూసావా, గుహుడింకా ఈ ఏట్లోనే తిరుగుతన్నాడని నమ్మీసినారు. ఇంకేటి కావాల నీకు?”

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ ఉదయం అదే రేవులో ఆవిడ శిష్యురాలు నా కొత్త సినిమాకు మంగళం పాడుతోంది. అన్నీ అయ్యాక, చివరి రోజునే. పడవ చప్పుడు దగ్గరికొచ్చేసింది. ఆపించనా అన్నట్టు కెమెరా అతను నా వైపు చూశాడు.

రానిమ్మని తలూపాను.