మామగారి ముందు చెప్పులు

నిరుడు వేసవి సెలవుల్లో బెజవాడ నుంచి ఇంటిల్లిపాదీ కొండపల్లి కోట చూడ్డానికి అడవిదారిన కొండెక్కాం. నా చంకలో ఏడాది బాబు ఉన్నాడు. మామగారి ముందు కోడలు చెప్పులు వేసుకోకూడదని నావి సంచిలో దాచాను. సగం దారిలో, ఎండకు కాలిన బండమీద అరికాలు చుర్రుమని తూలాను. పక్కనే లోయ! అక్కడే కూర్చుని చెప్పులు తొడుక్కున్నాను.

"మామగారి ఎదుటే! కాలేజీలో నేర్పింది ఇదేనుటే?" అన్నారు అత్తగారు.

"నేను పడితే మీ మనవడూ పడతాడండీ. విడవను," అన్నాను.

మామగారు ముందుకు నడిచారు.

దిగేటప్పుడు, తనూ వట్టికాళ్లతోనే కొండెక్కిన అత్తగారు కుంటుతూ నా పక్కకొచ్చి, "కాసేపు అవి ఇలా ఇవ్వవే," అన్నారు గుసగుసగా. బాబును మావారికి అందించి, చెప్పులు ఆవిడకిచ్చాను.

ఆనాటి నుంచి నా చెప్పులు సంచిలోకి వెళ్లలేదు. వెళ్లవు కూడా.