సర్జన్ సారు మళ్లీ కుట్టు నేర్చుకున్నారు

2022లో మేడ్చల్ దగ్గరి ఒక బోధనాసుపత్రిలో సర్జికల్ సిమ్యులేషన్ ల్యాబ్ పెట్టారు. దాన్ని చూసుకునే ఇంజినీర్‌ని నేను. రోబోతో ఆపరేషన్ చేయబోయే డాక్టర్లు ముందు మా దగ్గర సాధన చేయాలి. కన్సోల్ అనే యంత్రం ముందు కూర్చుని రెండు పిడులు కదిలిస్తే, తెరలోని రోబో చేతులు బొమ్మ పేగును కుడతాయి. తప్పులన్నీ చూసి కంప్యూటరే మార్కులు వేస్తుంది. దానికి ఎవరి దగ్గరా మొహమాటం లేదు.

యాదగిరి సార్ మా సర్జరీ హెడ్. కడుపు ఆపరేషన్లంటే శామీర్‌పేట దాకా ఆయన పేరే చెబుతారు. అంతటి మనిషి మా దగ్గర కుట్టు వేస్తుంటే దారం పుటుక్కున తెగేది. మళ్లీ వేస్తే మళ్లీ తెగేది. ముడి ఎంత బిగిసిందో ఇన్నేళ్లూ ఆయనకు వేళ్లే చెప్పాయి. మా కన్సోల్‌లో ఆ బిగువు వేళ్లకు అందదు. సాధన చివర పెట్టే కుట్టు పరీక్ష గట్టెక్కితేనే కొత్త రోబో మీద ఆపరేషన్ చేయనిస్తారు.

"పానం లేని బొమ్మను కుట్టనీకి గింత పరేషాన్ అయితున్న. ఇగ నాతోని గాదేమో," అన్నారొకరోజు. ఆ మాట ఆయన నోట విని నాకు దిగులేసింది.

గాజులరామారం నుంచి వచ్చే గ్రేస్ ఆయన దగ్గరే పీజీ చేస్తోంది. మా కుట్టు పరీక్ష ఎప్పుడో పాసయింది. ఓ సాయంత్రం ఆమె కుడుతుండగా సార్ లోపలికొచ్చారు. గ్రేస్ దిగ్గున లేచింది. సార్లు నిలబడితే పిల్లలు కూర్చోవడం మా డాక్టర్లలో లేదు.

"కూసో అమ్మా. నీ దారం ఎందుకు తెగుతలేదో జర జూపియ్యి," అన్నారు సార్.

"మీరు నిలవడితే నేనెట్ల కూసుంట సార్?"

"నేర్సుకునేటోణ్ణి నేను గదా. కూసో."

ఆమె బెరుకుగా కూర్చుంది. "చేతిని నమ్మను సార్. దారం బిగుస్తాంటే గీడ పేగు తెల్లవడుతది, సూడుండ్రి. గది కనవడంగనే ఆపేస్త."

సార్ పక్క తెరలో చూస్తూ, ఆమె ముగించేదాకా నిలబడే ఉన్నారు. ఆ తర్వాత రోజూ వచ్చి, చేతి అలవాటును పక్కనపెట్టి, కంటితో కుట్టడం నేర్చుకున్నారు. పరీక్షలో ఒక్క దారమూ తెగలేదు. యంత్రాలను మెచ్చుకోవడమే తెలిసిన నాకు ఆ రోజు మనిషిని చూసి కళ్లు చెమర్చాయి.

తప్పు ఎక్కడుందో యంత్రం చూపిస్తుంది. దిద్దుకోవడానికి మనిషి ఒప్పుకోవాలి. నాకు అది నేర్పింది ఆయనే. ఇప్పుడు మా ల్యాబ్‌లోకి ఎంత పెద్ద డాక్టరొచ్చినా కన్సోల్ ముందున్న పిల్లలు లేవరు. ఆ నియమం పెట్టింది యాదగిరి సారే.