పందెం అన్న మాట

మొన్న బ్యాంకుకి వెళితే, ఆధార్ కార్డులో నా పేరు ఒకలాగా, పాస్‌బుక్కులో ఇంకోలాగా ఉందని, మరేదైనా గుర్తింపు పట్టుకురమ్మన్నారు. ఇంటికొచ్చి బీరువాలో పట్టుచీరల అడుగునుంచి పాస్‌పోర్టు తీసి పట్టుకెళ్ళాను. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మా ఊరి పిల్లే, ఎప్పుడో నా దగ్గర తెలుగు చదువుకున్నదే. దాన్ని అటూ ఇటూ తిప్పి, "గడువైపోయింది మేడమ్" అంది. ఊరుకోక పేజీలన్నీ తిరగేసి, "ఒక్క స్టాంపూ లేదేటి మేడమ్? ఎక్కడికీ ఎల్లలేదా?" అని అడిగింది. లేదన్నాను. "మరెందుకు తీసుకున్నారు?" అంది. "సింగపూర్‌లో కార్ల రేసు చూడ్డానికి" అన్నాను. ఆ పిల్ల నా నెరిసిన జుట్టూ నేత చీరా చూసి, నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని పకపకా నవ్వింది. వెనక నుంచున్నవాళ్ళు కూడా నవ్వారు. నవ్వితే నవ్వారుగానీ, ఇంటికి తిరిగొస్తుంటే నాకు పాత మంట మళ్ళీ లేచింది.

ఆ రేసు పిచ్చి నాది కాదు, మా మరిదిది. మా ఆయనకి ఒక్కడే తమ్ముడు. నర్సీపట్నంలో ఒకే కప్పు కింద రెండు వాటాలు మావి, నడుమ ఒక గోడ. మెయిన్ రోడ్డు మీద అతనికి స్పేర్ పార్టుల కొట్టు. కృష్ణదేవిపేట వెళ్ళే షేర్ ఆటోలకీ, కొయ్యూరు కొండెక్కే జీపులకీ ఏది అరిగినా ఏది విరిగినా ఆ కొట్టు మెట్లెక్కాల్సిందే. మనిషి నెమ్మది. సిగరెట్టు లేదు, చుక్క లేదు. పెళ్ళిళ్ళలో విడిదింట పేక పరిచారంటే లేచి వంటవాళ్ళ దగ్గరికి పోయి, వంకాయలు తరిగిపెడుతూ కూర్చునేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అతన్ని ఎవరూ కదపకూడదు. టీవీలో కార్ల రేసు వచ్చిందంటే తువ్వాలు భుజాన వేసుకుని, స్టూలు ముందుకి లాక్కుని, ఆ బండి తనే నడుపుతున్నట్టు ప్రతి మలుపుకీ ఒళ్ళు ఒరగేసేవాడు.

నేను మొదట అక్కడికి వెళ్ళింది రేసు కోసం కాదు, వాళ్ళ గదిలో కూలర్ ఉండడం వల్ల. పరీక్ష పేపర్లు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకుంటూ ఉండేదాన్ని. మా తోటికోడలు కింద చాప మీద కూర్చుని వెల్లుల్లి వొలుస్తూ, "తిరిగిన సోటే తిరుగుతారు, ఎక్కడికీ ఎల్లరు. దీనికింత గోలేటక్కా?" అనేది. నిజమే కదా అని నేనూ నవ్వేదాన్ని. అయితే మరిది విసుక్కోకుండా చెప్పేవాడు. టైరు ఎందుకు మారుస్తారో, వెనకాలవాడు ముందువాడి నీడలోనే ఎందుకు వెళతాడో, వాన పడితే ఎవడి పాపం ఎలా పండుతుందో అతను చెపుతుంటే, సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికే నాకు పేపర్లు పక్కన పెట్టాలనిపించేది. ఒక ఏడాది తిరిగేసరికి తొమ్మిదో తరగతి పిల్లకి రావలసిన మార్కులు మలుపు దగ్గర కారు తిరగబడ్డంతో తప్పాయి. తర్వాత చూసుకుని సరిదిద్దాననుకోండి. కరెంటు పోతే ఇద్దరం కలిసి కరెంటాఫీసువాళ్ళని తిట్టేవాళ్ళం.

సింగపూర్ మాట ఎవరు ముందు అన్నారో గుర్తులేదు. అక్కడ రేసు రాత్రిపూట, ఊరి రోడ్ల మీదే, పట్టపగల్లాంటి దీపాల్లో జరుగుతుంది. విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది. మనిషి జీవితంలో ఒక్కసారైనా ఆ చప్పుడు గుండెల్లో పడాలని మరిది అన్నాడు. అంతకుముందు అతను తన కోసం ఒక చొక్కా కావాలని అడగడం కూడా నేను వినలేదు. అందుకే నలుగురం వెళదామని నేనే పట్టుబట్టాను. ఇక చూడండి మా ఇంట్లో సంబరం. పాస్‌పోర్టు ఫొటోకి మా తోటికోడలు నల్లపూసలు పైకి కనపడాలని గొడవ. మా ఆయనకి విమానంలో చెవులు మూసుకుపోతాయని భయం. జంతికలూ, చలిమిడీ, ఆవకాయా ఎంతవరకు తీసుకెళ్ళనిస్తారని రోజూ చర్చ. టిక్కెట్టు ఎక్కడ కొనాలో మరిది ఉప్మా ప్లేట్లో చెంచాతో దారి గీసి చూపించాడు. "మలుపు కాడే కూకోవాలి వదినా. తిన్నగా ఎల్లీకాడ ఎవుడైనా ఎల్తాడు, మలుపులోనే తెలస్తాది డ్రైవరెవుడో" అన్నాడు. రెండో తరగతి చదివే మరిది కూతురిని ఆ నాలుగు రోజులూ అమ్మమ్మగారింట్లో దింపాలని నిర్ణయమైంది.

ఇక్కడ మా ఊరి విలేకరి గురించి చెప్పాలి. మరిది కొట్టు పక్కనే కూర్చుని టీ తాగే మనిషి. మంచివాడు. మంచివాళ్ళు చేసినంత చెరుపు చెడ్డవాళ్ళు చెయ్యలేరని నాకు అతనివల్లే తెలిసింది. మా నలుగురినీ పాస్‌పోర్టులు చేత పట్టించి ఫొటో తీసి, జిల్లా పేజీలో వేయించాడు. ఇంగ్లీషు మాట వాడితే పై వాళ్ళు ఒప్పుకోరట, అచ్చ తెలుగులో ఉండాలట. "కార్ల పందేలకు సింగపూర్ పయనం" అని శీర్షిక పెట్టాడు. రేసంటే పందెమే, తప్పేం లేదు. బళ్ళో పరుగు పందెం అంటాం, వ్యాసరచన పందెం అంటాం. కానీ కోడి పందెం అన్నా ఆ మాటే, పందెం కాయడం అన్నా ఆ మాటే. పరిగెత్తేవాడికీ పైసలు ఒడ్డేవాడికీ మన భాషలో ఒకటే మాట దొరికింది. ఇన్నేళ్ళు తెలుగు పాఠం చెప్పి కూడా నేను ఆ శీర్షిక చూసి మురిసిపోయానే గానీ, అది ఎవరి చెవిలో ఎలా పడుతుందో ఊహించలేకపోయాను.

అది పడరాని చెవిలో పడింది. మరిది మామగారిది ఎస్. రాయవరం దగ్గర పల్లె, చెరుకు రైతు. ఆయన పెద్ద కొడుకు క్రికెట్ పందేలు కాసి, నీళ్ళున్న పొలమంతా పోగొట్టి, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఊరొదిలి పోయాడు. ఇప్పటికీ జాడ లేదు. అప్పటినుంచీ ఆ ఇంట్లో పందెం అన్న మాట పామన్నట్టే. పేపరు ఎవరో చదివి వినిపించారట, ఆయన తింటున్న కంచం అలాగే వదిలేసి, తన అన్నగారినీ ఊరి పెద్దమనుషులిద్దరినీ వెంటేసుకుని ఆటో కట్టించుకుని వచ్చేశారు. వచ్చీ రాగానే మా ముందు గదిలో కూర్చుని, "పెద్దల్లో పెడతన్నాను. నా కూతురి కాపరం సంగతి తేలాల" అన్నారు.

మరిది కొట్టు నుంచి అప్పుడే వచ్చాడు, చేతులకి గ్రీజు. మెల్లగానే చెప్పాడు. "అది సూసీదే మావయ్యా, కాసీది కాదు."

"సూడ్డానికి అంత దూరం ఎవుడెల్తాడు? కోడిపందేనికి ఎల్లీవోలంతా సూడ్డానికే ఎల్తారు. మావోడూ టీవీలో సూడ్డంతోనే మొదలెట్టేడు" అన్నారాయన.

నేను ఊరుకోలేదు. "బాబాయిగారూ, మాట ఒకటేగానీ సంగతి వేరండీ. బళ్ళో పిల్లలకి పరుగు పందెం పెడతాం, అందులో ఎవరి పొలం పోతుంది చెప్పండి?" అన్నాను. ఆయన నా వైపు చూసి చేతులు జోడించారు. "మీరు పాటం సెప్పీ పంతులమ్మగోరు. మాకు పొలం పోయింది, కొడుకు పోయేడు" అన్నారు. ఇవాళ్టికీ ఆయన భయాన్ని నేను తప్పు పట్టలేను, దాన్ని ఆసరా చేసుకున్నవాళ్ళని మాత్రం క్షమించలేను.

ఆ వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన దారి చూపించాడు. గుమ్మం దగ్గర నుంచున్న మరిది కూతుర్ని దగ్గరికి పిలిచి, తండ్రి ముందు నుంచోబెట్టి, "మరింకేటి, పిల్ల తల మీద సెయ్యేసి ఒట్టెయ్యి బాబూ. ఎప్పుడూ కాయలేదు, ఇక మీద కాయనని. ఎల్లి సూసుకుని రా, మేమే బండెక్కిస్తాం" అన్నాడు. అంతే. ఒక్క ఒట్టు. మా ప్రయాణమంతా ఆ పిల్ల రెండు జడల మధ్య పాపిట దగ్గరికొచ్చి ఆగింది. అది ఏం జరుగుతోందో తెలియక తండ్రి మొహంలోకి చూస్తోంది.

మరిది రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నిజవైనా అబద్దవైనా పిల్ల తల మీద ఒట్టెయ్యకూడదు. మాయమ్మ సెప్పింది. అది మాత్రం నాను సెయ్యను" అన్నాడు. మా అత్తగారికి అదొక పట్టింపు. నిజమైన ఒట్టు కూడా పిల్లల ఆయుష్షు తింటుందని ఆవిడ నమ్మకం, అన్నదమ్ములిద్దరినీ ఆ మాట మీదే పెంచింది. కానీ ఆ గదిలో అది ఎవరికి పట్టింది? "నిప్పులేందే పొగొస్తాదేటి" అని ఒకరన్నారు. "తప్పు లేనోడికి ఒట్టంటే ఎనక్కెందుకు?" అని ఇంకొకరు అన్నారు. మా తోటికోడలు తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడి మొహం చూడకుండా నేల చూపులు చూస్తోంది. ఆదివారం ఆదివారం అతని పక్కనే కూర్చున్న మనిషి ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు.

అందరికన్నా పెద్ద దెబ్బ మా ఆయన కొట్టారు. మరిది కాక, అమ్మ పట్టింపు తెలిసిన మగాడు ఆ గదిలో ఆయనొక్కరే. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలి, "పోనీ ఏసీరా, ఒక్క మాటే కదా. బేగి తేలిపోద్ది" అన్నారు. మరిది అన్నగారిని చూసిన చూపు నేను మరిచిపోలేదు. "నాను సెప్తే నమ్మవా అన్నయ్యా? పిల్ల తల సెప్తేనే నమ్ముతావా?" అన్నాడు. మా ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. మరిది కూతురి జడ సవరించి, లోపలికి పొమ్మని, "అయితే మానీద్దాం. ఎల్లం" అన్నాడు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, దొంగ దొరికినట్టు తలలాడించారు. నేను పెట్టిన కాఫీ తాగి, ఒక సంసారాన్ని గట్టెక్కించామన్న సంతోషంతో ఆటో ఎక్కారు. ఆ కాఫీలో నేను పంచదార వెయ్యడం మరిచిపోయానంటే ఎవరూ నమ్మరు. నిజానికి మరిచిపోలేదు.

తోటికోడలు పిల్లని తీసుకుని కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి వచ్చింది. టిక్కెట్లు రద్దు చేశాం. గోరంత కొండంతై, నర్సీపట్నంలో మరిది కొట్టుకొచ్చే డ్రైవర్లు కూడా "సింగపూర్‌లో ఎంత పోయిందేటి గురూ" అని పరాచికాలాడే దాకా వచ్చింది. వెళ్ళనివాడికి అక్కడ ఎలా పోతుందని ఎవరికీ తట్టలేదు. మామగారు బతికున్నన్నాళ్ళూ ప్రతి పెళ్ళిలోనూ ఆ కథ చెప్పేవారు. "నానెల్లబట్టి సరిపోయింది, నేకపోతే అల్లుడూ ఆ దారే" అని. పోయిన కొడుకుని ఆపలేని మనిషి, అసలు కదలని అల్లుణ్ణి ఆపానని చెప్పుకుని ఊపిరి పీల్చుకునేవారు. మరిది ఆ మాట వినపడేంత దూరంలోనే కూర్చుని, వడ్డిస్తున్నవాళ్ళకి విస్తళ్ళు అందిస్తుండేవాడు. ఇంట్లో టీవీ మాత్రం సీరియళ్ళకి వదిలేశాడు. అన్నదమ్ములు కరెంటు బిల్లు గురించీ నీళ్ళ మోటారు గురించీ మాట్లాడుకుంటారు. ఆ రెండూ పాడవకపోతే నెలలు గడిచిపోతాయి.

ఈ మధ్య మరిది కూతురు విశాఖలో కాలేజీ నుంచి సెలవులకి వచ్చింది. మధ్యాహ్నం అందరం వాళ్ళ వాటాలోనే భోజనాలకి కూర్చున్నాం. పిల్ల ఫోనులో ఏదో బెట్టింగ్ యాప్ ప్రకటన వస్తే విసుక్కుంటూ తీసేసి, నవ్వుతూ అంది. "నాన్నా, నువ్వు కూడా అప్పట్లో బెట్టింగ్ ఆడేవోడివంట కదా! తాతయ్యొచ్చి మాన్పించేడంట. అమ్మ సెప్పింది."

మా తోటికోడలి చేతిలో గరిటె ఆగింది. మా ఆయన కంచంలోకి చూస్తున్నారు. నేను "కాదమ్మా" అనబోయాను. మరిది నా వైపు ఒక్కసారి చూశాడు, వద్దన్నట్టు. తర్వాత కూతురి వైపు తిరిగి, చాలా మామూలుగా, "ఆడీవోడినమ్మా. మానీసేను" అన్నాడు. ఆ పిల్ల "మంచి పని సేసేవ్ నాన్నా" అని అతని భుజం తట్టింది. ఇంకొంచెం మజ్జిగ వేయించుకుని అతను భోజనం ముగించాడు.

మర్నాడు పొద్దున్న మరిదిని కుళాయి దగ్గర పట్టుకుని అడిగాను, ఎందుకలా అన్నావని. బిందె నిండాక కుళాయి కట్టేశాడు. "మరేటి సెప్పమంటావు వదినా? ఆల్లమ్మనీ, సచ్చిపోయిన తాతనీ దాని కాడ అబద్దాలోల్లని సెయ్యమంటావా? నా ఒక్కడితో పోద్దిలే" అన్నాడు. బిందె భుజానికెత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కాలం అన్నిటినీ మాన్పుతుందని పెద్దవాళ్ళు అంటారు, నేనూ బళ్ళో పిల్లలకి అదే చెప్పాను. మా ఇంట్లో మాత్రం కాలం ఆ అబద్ధాన్ని ఏళ్ళ తరబడి ముదరబెట్టి, చివరికి అతని నోటితోనే నిజమనిపించింది.