టీచరమ్మ టేపుకు రెండు వేగాలు

వీధిలో అందరూ ఆమెను స్క్రూ పిన్ని అనేవారు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు మోటార్లకు తీగ చుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి ముందుగదిలో, కిటికీ కింద బల్ల వేసుకుని రిపేర్లు మొదలుపెట్టింది. మిక్సీ తెచ్చినా, ఇస్త్రీపెట్టె తెచ్చినా కాదనేది కాదు గానీ, టేపురికార్డరు వస్తే మాత్రం ఆమె ముఖం చేటంత అయ్యేది. "పుట్టింటివాళ్లు వచ్చినా ఇంత మురిసిపోదు," అనేవాడు బస్సు డ్రైవరుగా రిటైరైన ఆమె భర్త.

ఒకరోజు పొద్దున్నే డ్రిల్లు టీచరమ్మ వచ్చింది. బడిలో ఉద్యోగం చేసే రోజులనుంచీ, పాతికేళ్లుగా లైబ్రరీ మేడమీది హాల్లో ఆడవాళ్లచేత వ్యాయామం చేయిస్తోందావిడ; ఇప్పుడు వాళ్లంతా పెద్దవయసువాళ్లు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పాత క్యాసెట్ డెక్కును రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

"మొన్నటిదాకా బాగానే పాడింది చెల్లీ. నిన్న నొక్కితే కిక్కురుమనలేదు. లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు మాత్రం వస్తోంది."

"మోటారు తిరుగుతోంది, టేపు కదలడం లేదు. అంటే మధ్యలోవాడు పని మానేశాడన్నమాట," అంది పిన్ని, అప్పటికే స్క్రూలు విప్పుతూ.

మధ్యలోవాడంటే రబ్బరు బెల్టు. మూత తీస్తే అక్కడ బెల్టు లేదు. చక్రాలకు అంటుకుని తారులాంటి నల్లటి జిగురు ఉంది. వయసు మీదపడి రబ్బరు కరిగిపోయింది. పిన్ని పుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, గంటన్నరసేపు తుడిచింది. ఆ నలుపు వేళ్లకూ మోచేతులకూ, ఆఖరికి భర్త తెచ్చిచ్చిన టీ కప్పు పిడికీ అంటుకుంది. తర్వాత చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, అంతకన్నా పిసరంత చిన్న బెల్టును డబ్బాలోంచి ఏరి తొడిగింది.

తన దగ్గరున్న పాటల టేపు ఒకటి పెట్టి చూసింది. టేపు కదిలింది. కానీ పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. టేపును చదివే హెడ్డు తుడిస్తే కాస్త నయమనిపించింది. హెడ్డు పక్కనున్న బుల్లి స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, కళ్లు మూసుకుని వింది. ఒకచోట తాళాల చప్పుడు ఖణేల్మంది. అక్కడ ఆపింది.

ఇక వేగం. సరిగ్గా ఐదో నిమిషంలో గంట మోగేలా తాను రికార్డు చేసి పెట్టుకున్న కొలత టేపు ఎక్కించి గడియారం చూసింది. టేపులోని గంట మాత్రం నలభై సెకన్లు ఆలస్యంగా మోగింది. మోటారు కూడా డస్సిపోయిందన్నమాట. దాని వెనక కన్నంలోంచి స్క్రూడ్రైవరు దూర్చి, మూడుసార్లు సవరించి, గంటకూ గడియారానికీ రాజీ కుదిర్చింది.

సాయంత్రం టీచరమ్మ తన వ్యాయామం టేపు తెచ్చింది. పాతికేళ్ల కిందట, తమ్ముడు డ్రమ్ము వాయిస్తుంటే తనే అంకెలు చెప్పి రికార్డు చేసిన టేపు అది. మీట నొక్కగానే, "ఒకటీ! రెండూ! మూడూ!" అంటూ సన్నటి గొంతు చురుగ్గా దూసుకొచ్చింది.

"ఎవరిదమ్మా ఈ గొంతు?" అంది టీచరమ్మ.

"మీదే కదండీ!"

"నాదా? నాది బొంగురు గొంతు కదా..."

ఏటికేడాది డెక్కు నెమ్మదిస్తూ, ఆమెతోపాటు టేపులోని గొంతుకూ వయసు పెంచేసింది. టీచరమ్మ మూడుసార్లు వింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

మర్నాడు ఎనిమిదికల్లా పదకొండుమంది ఆడవాళ్లు చెమటలు కక్కుకుంటూ పిన్ని గుమ్మంలో నిలబడ్డారు. అందరికన్నా ముందు డెబ్బై తొమ్మిదేళ్ల పెద్దావిడ ఉంది.

"ఏమమ్మాయ్, మా టేపుకు ఏం తాగించావు? నేను చెయ్యి ఎత్తేలోపు దించెయ్యమంటోంది!"

"పాతికేళ్ల కింద మీరంతా చేసిన వేగమే పెద్దమ్మా ఇది."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇంత స్పీడుగా చేశామా? అయితే మనం మామూలువాళ్లం కాదే!" అని మురిసిపోయిన పెద్దావిడ, మరుక్షణమే, "సర్లే గానీ, తగ్గించు," అంది.

వెనకనుంచి, డెక్కును పొదివి పట్టుకున్న టీచరమ్మ మెల్లగా, "తగ్గిస్తే నా గొంతు మళ్లీ పోతుంది చెల్లీ," అంది.

అరుగు మీద పేపరు చదువుతున్న భర్త తలెత్తకుండానే, "అదే బస్సుకైతే గేర్లుంటాయి," అన్నాడు.

"ఏవండీ! ఇన్నేళ్లకు పనికొచ్చే మాటన్నారు!"

పాడైన రేడియోలోంచి వాల్యూమ్ తిప్పే మీట పీకింది. మోటారు లోపలి వేగం స్క్రూకు బదులు దాన్ని తీగలతో కలిపి, డెక్కు బయటికి తెచ్చింది. మీట పక్కన నెమ్మదికి తెల్లగీత, అసలు వేగానికి ఎర్రగీత గీసింది.

మూడోరోజు తనే హాలుకు మోసుకెళ్లింది. అరగంట తెల్లగీత మీద హాయిగా నడిచింది. చివరి ఐదు నిమిషాలు మిగిలాయనగా టీచరమ్మ, "ఎర్రగీతకు ఎవరు సిద్ధం?" అని అడిగింది. మొదట లేచిన చెయ్యి పెద్దావిడదే. ఆ లేచిన చేత్తోనే గోడవార నిలబడ్డ పిన్నిని వరసలోకి లాగింది.

"చేసిందానివి నువ్వే. ఆ దెబ్బేంటో నువ్వూ చూడు!"

పిన్ని నాలుగో అంకెకు తప్పు చెయ్యి ఎత్తింది, పదహారో అంకెకు కింద కూలబడింది. పదకొండుమందీ పగలబడి నవ్వారు. వాళ్లతోపాటు తనూ నవ్వింది.

మర్నాడు తొడలు రెండూ పట్టేసి, గోడ పట్టుకుని గుమ్మం మెట్లు దిగాల్సి వచ్చింది. అయినా హాలుకు వెళ్లింది.