బావ తెచ్చిన అమెరికా సీసా

మనుషుల్ని నమ్మడం నాకు తక్కువ. సారాను నమ్మడం ఇంకా తక్కువ. ఆవపల్లి చుట్టుపక్కల పెళ్లికో చావుకో ఇప్పసారా కొనాల్సి వస్తే నన్ను వెంటబెట్టుకుని పోయేది అందుకే. సంతలో సారా అమ్మే ఆడవాళ్లు నన్ను చూడగానే ముఖం ముడుచుకుంటారు. చుక్క అరచేతిలో రుద్ది వాసన చూస్తాను. కొంచెం నిప్పుల మీద చల్లి మంట చూస్తాను. ఆ తర్వాతే నాలుక మీద వేసుకుంటాను. నీళ్లు కలిపారో యూరియా వేశారో అప్పుడే చెప్పేస్తాను. మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో విదేశీ సీసాల పిచ్చి ఉన్న ఠేకేదార్ ఒకాయన ఉన్నాడు, రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. ఆయన కూడా నా నాలుకనే నమ్ముతాడు.

ఆ సంగతి తెలిసే మొన్న ఎండాకాలం మా బావ సీసాతో దిగాడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఇనుప గనుల టౌన్‌షిప్‌లో డ్రైవరు పని చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు తాగుడు కోసం అక్క పుస్తెలతాడు కూడా అమ్మేశాడు. అప్పటినుంచి అక్క మెడలో పసుపుతాడే. మూడేళ్ల కింద మానేశాడు. మానేశాడని అక్క అంటుంది, నేను అనను. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా ఊపిరి వాసన చూస్తూనే ఉన్నాను.

ఆ పొద్దున ఇద్దరూ జీపు దిగి వచ్చారు. వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. అక్క వస్తూనే నా భార్య పక్కన కూర్చుని పూలలో చెత్త ఏరడం మొదలుపెట్టింది. బావ తువ్వాలు విప్పి సీసా అరుగు మీద పెట్టాడు.

"ఏంది బావా ఇది?"

"అమెరికాది. నేను రిటైరయిన రోజు మా సాహెబ్ ఇచ్చిండు. ఇసోంటివి కొన్నే చేసి బంద్ పెట్టిన్రట. ఇగో, నంబరు చేత్తోని రాసిన్రు చూడు. నువ్వు అసలీ అంటే చాలు, మీ ఠేకేదార్ కొంటడు. ఆ పైసలతోని మీ అక్కకు తాడు చేయిస్త."

ఆ మాటకు నా మనసు కరగాల్సింది. కరగలేదు. నా చూపు మూత మీదే ఉంది.

"సీలు ఏది?"

"సాహెబే తీసిండు. అందరికీ తలా ఇంత పోసిండు. నేను ముట్టలే. మిగిలింది నా చేతుల పెట్టి, అమ్ముకో పో అన్నడు."

కథ బాగా అల్లాడు అనుకున్నాను. తాగనివాడికి సీసా ఇచ్చే సాహెబ్ ఎక్కడుంటాడు? ఖాళీ సీసా ఎక్కడో సంపాదించి, చవక సరుకు నింపి నా నాలుకతో అమ్మించాలని చూస్తున్నాడేమో. లేక అసలుది ఈయనే తాగేసి ఇంకేదో పోశాడేమో.

సీసాను ఎండకు పెట్టి చూశాను. మా దగ్గర మంచి సారా ఊటనీళ్లలా తేటగా ఉంటుంది. ఇది టీ డికాక్షన్ రంగులో ఉంది. కాల్చిన చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే ఆ రంగు వస్తుందట. దేనితో చేస్తారని అడిగితే మక్కలతో అన్నాడు. మేం కోళ్లకు వేసే మొక్కజొన్నలు! వాటితో చేసిన దానికి పాత మోటారుసైకిల్ ధర చెబుతున్నాడు. అరచేతిలో రుద్దితే మాడిన బెల్లం వాసన వచ్చింది. ఎసెన్సు కలిపారనుకున్నాను. నిప్పుల మీద చల్లితే నీలంగా, నిలకడగా మండింది. మా సారా అలా మండితే శభాష్ అనేవాణ్ణి. దీంట్లో మాత్రం స్పిరిట్ కలిసిందేమో అనిపించింది.

ఇక మిగిలింది రుచి చూడటం. మా వైపు సారా పోసేవాడు పెద్దల పేరు చెప్పి నేల మీద నాలుగు చుక్కలు వదిలి, అందరికంటే ముందు తను తాగుతాడు. ఇందులో విషం లేదు, నేను పూచీ అని దాని అర్థం. ముందు నువ్వు తాగు అంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ రోజు నేను ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఎలా మింగుతాడో చూడాలి నాకు. దొంగచాటుగా తాగేవాడైతే నీళ్లలా దించేస్తాడు.

ఆకు దొప్ప ఆయన ముందుకు జరిపాను. "ముందుగాల నువ్వు తాగు బావా."

"నాకెందుకురా? నేను బంద్ చేసిన గదా."

"తెచ్చినోడే తాగకుంటే నేనెట్ల తాగుత? రేపు ఠేకేదార్ ముంగట ఏ మొకం పెట్టుకొని అసలీ అని చెప్పాలె?"

అక్క తలెత్తింది. "ఆయనను వదిలెయ్ తమ్మీ."

"రివాజు అక్కా," అన్నాను.

బావ అక్కవైపు ఒకసారి చూశాడు. నేల మీద చుక్కలు వదిలాడు. దొప్పలో రెండు గుక్కలు పోసుకుని కళ్లు మూసుకుని మింగాడు. అంతే, దగ్గు ఎత్తుకుంది. కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి, ఛాతీ పట్టుకుని వంగిపోయాడు. రోజూ తాగేవాడి గొంతు కాదది. మూడేళ్లూ ఆయన చుక్క ముట్టలేదని ఆ దగ్గుతోనే నాకు అర్థమైపోయింది.

తర్వాత నేను తాగాను. ముందు మంట, దాని వెనక తీపి, ఆ తర్వాత ఎంతకూ పోని కాలిన చెక్క వాసన. కల్తీ లేదు, మోసం లేదు. అంత నికార్సైన సరుకు నా నాలుక మీదికి అంతకు ముందెప్పుడూ రాలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గబగబా సీసా తీసుకుని మూత బిగించాను. "అసలీదే బావా. రేపే బీజాపూర్ పోదాం."

బావ దొప్ప కింద పెట్టలేదు. పెదవులు తడుపుకున్నాడు.

"నాకింకా రుచి సరిగ్గ తెలుస్తలేదురా. ఇంకింత పొయ్యి," అన్నాడు.

ఆ గొంతు నేను ఎరిగిన పాత గొంతు. భయం వేసింది నాకు. సీసాను వీపు వెనక పెట్టుకుని, ఆపమన్నట్టు అక్కవైపు చూశాను.

అక్క పూలు ఏరడం ఆపలేదు.

"నా మొకం ఏం చూస్తవ్? తాగమన్నది నువ్వే గదా. పొయ్యి," అంది.