ఫొటో ఎత్తేవాళ్ళం

మా ఇంట్లో ఎవరూ ఫొటో తీయరు. ఎత్తుతారు. బెంగాలీవాళ్ళు బొమ్మని ఎత్తుతామనే అంటారు. మెటియాబ్రుజ్ రేవు పక్కన మూడు తరాలుగా వాళ్ళ మధ్య బతుకుతున్న మా తెలుగులోకి ఆ మాట ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరికీ గుర్తులేదు. అది తప్పని నాకూ తెలియదు. సాల్ట్ లేక్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయిని "నీ ఫొటో ఎత్తనా?" అని అడిగాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"ఫొటో ఎత్తుడేంది? ఫొటో దిగుతరు!"

నాకు ఒళ్ళు మండింది. దిగడానికి ఫొటో ఏమన్నా నుయ్యా అని మొహం మీదే అడిగేశాను. కానీ ఆఫీసు బస్సులో ఇంటికొస్తుంటే ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. వాళ్ళు దిగుతారు, మేం ఎత్తుతాం. మనిషి కాగితంలోకి దిగుతుంది సరే, దిగినదాన్ని మళ్ళీ పైకి తేవలసింది కెమెరా పట్టుకున్నవాళ్ళే కదా! బస్సు అద్దానికి తల ఆనించి నా ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. వాటిలో అందరూ దిగి, అక్కడే ఉండిపోయారు.

అప్పటికి నేను కొత్త కెమెరా కొని ఊళ్ళో కనబడినవాళ్ళందరినీ చంపుకు తింటున్నాను. ముందుగా బలైంది అమ్మ. గోడకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా ఫ్లాష్ కొట్టాను. చూసి మూతి తిప్పింది.

"ఏటే ఇది? నన్ను అప్పడంలాగ ఎత్తీసినావు?"

ఆ మాటకి పౌరుషం వచ్చింది. ఫ్లాష్ మానేశాను. ఎదురుగా పడే వెలుగు నీడలన్నిటినీ తుడిచేస్తుందని, నీడ లేకపోతే ముక్కు కూడా ఉండదని మెల్లగా అర్థమైంది. అమ్మని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. వెలుగు ఒక చెంప మీద పడి, ముక్కు దాటి, రెండో చెంప మీదికి వెళ్ళేసరికి సన్నగిల్లిపోయింది. కర్టెన్ అంచు కెమెరాకి దగ్గరగా, మసకగా వచ్చేలా చూశాను. అమ్మ వెనక, సందులో, దర్జీ కొట్ల ముందు వేలాడే గుడ్డలు దూరంగా, రంగు వెలిసినట్టు ఉన్నాయి. ముందు కర్టెన్, తర్వాత అమ్మ, తర్వాత సందు. ఆ ఫొటోలో అమ్మ చెవి వెనక్కి చెయ్యి పోనివ్వొచ్చేమో అనిపించింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అటువైపు ఇంకో మెటియాబ్రుజ్ ఉన్నట్టు, కాస్త వంగితే అందులో నడవొచ్చన్నట్టు ఉంది.

ఆ తర్వాత వానాకాలంలో అమ్మకి ఎడమ కన్ను పోయింది. నీటికాసులట, అంటే గ్లాకోమా. ఉన్నది కాపాడుకుందాం, పోయింది రాదు అన్నాడు డాక్టరు. రెండు కళ్ళుంటేనే దగ్గరా దూరం సరిగ్గా తెలుస్తాయి, మెట్ల దగ్గర జాగ్రత్త అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ టీ పోసింది. కప్పు పక్కన పోసింది. నేల మీద పారుతున్న టీని గుడ్డతో తుడిచింది.

ప్రతి గురువారం అమ్మ లాంచీలో గంగ దాటి అవతలి ఒడ్డున పెద్దమ్మగారింటికి వెళ్ళేది. ఆడవాళ్ళ ప్రార్థన కూటం అక్కడే. అందులో పాట మొదలుపెట్టేది అమ్మ. అది లేకపోతే అమ్మకి వారం గడవదు. ఇప్పుడు జెట్టీ దాకా వచ్చి, జెట్టీకీ లాంచీకీ మధ్య సందు చూసి వెనక్కి తిరిగింది.

"అది జానెడుందో బారెడుందో తెలీడం నేదే. నానింక ఎల్లను. ఇంట్లోనే స్తోత్రం సెప్పుకుంటాను."

చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానన్నాను. ఆఫీసు మానేసి ప్రతి వారం తీసుకెళ్తావా అంది. అమ్మ పాట వంటింట్లోకి తగ్గిపోయింది, తర్వాత కూనిరాగం అయింది. వినబడకుండా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు చలి ఎండలో మేడ మీద కూర్చుని అమ్మకి ఆ కిటికీ ఫొటో చూపించాను. ఉన్న కన్ను చిట్లించి చూసింది.

"గుడ్డ ముందు, నాను ఎనక, సందు ఇంకా ఎనక," అంది.

"నీకెలా తెలిసిందమ్మా? ఇది ఉత్త కాగితమే కదా."

ఆలోచించింది. నా పక్కనున్న కెమెరా చేతిలోకి తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పింది.

"దీనికీ ఒంటి కన్నేనేటే?"

"ఒక్కటే."

"పాపం," అంది. "మరి ఇంత లోతు ఎలగ సూత్తంది?"

ఆ రోజునుంచి మా ఇద్దరికీ అదే ఆట. మేడ మీంచి రేవు క్రేన్లు చూసేవాళ్ళం. ఏది దేన్ని కప్పేస్తోందో అదే దగ్గర. నల్లగా, గట్టిగా ఉన్నది ఇటు, పొగమంచులో పాలిపోయింది అటు. వస్తువు కింద నీడ ఎక్కడ అతుక్కుందో అక్కడే దాని కాలు. ఇవన్నీ నేను ఫొటోల కోసం నేర్చుకున్నవే. అమ్మ ఇంకొకటి కనిపెట్టింది. పాటలో ఊగినట్టు తల అటూ ఇటూ ఊపితే దగ్గరవి గబగబా, దూరానివి నెమ్మదిగా కదులుతాయి. నా కెమెరాకి ఆ విద్య లేదు. మిట్టమధ్యాహ్నం దాకా అలా ఊగుతూ, క్రేన్లనీ పిట్టగోడనీ పావురాలనీ విడదీసుకుంటూ కూర్చునేది. నాకు నిద్రొచ్చేది. ఊరంతా పొరలు పొరలుగా విడిపోయి గాల్లో తేలుతున్నట్టు ఉండేది.

ఒక గురువారం ఉదయం, నేను ఆఫీసుకి తయారవుతుంటే, అమ్మ తెల్లచీర కట్టుకుని చెప్పులేసుకుంది. నేనూ వెంటపడ్డాను. నదిమీద మంచు ఉంది. లాంచీ వచ్చి జెట్టీకి తగిలి, తాడు కట్టగానే జనం తోసుకుంటూ ఎక్కారు. అమ్మ అంచు దగ్గర ఆగిపోయింది. తాడు పట్టుకున్నాయన "మాశీమా, ఆస్తే ఆస్తే" అన్నాడు, పిన్నిగారూ మెల్లగా అని. నేను చటుక్కున చెయ్యి చాచాను.

"సెయ్యి తియ్యే."

"పడిపోతావమ్మా!"

"నీ సెయ్యి అడ్డొచ్చి నీడ అవుపడతా నేదు. తియ్యి!"

తీశాను. అమ్మ తల ఇటూ అటూ ఊపింది. వెనక ఎవరో విసుక్కున్నారు. పట్టించుకోలేదు. సందులో నల్లటి నీళ్ళ చారని చూసుకుంది, దాన్ని దాటి లాంచీ చెక్క మీద వెలుగు పడ్డ చోటు చూసుకుంది. కాలు ఎత్తి, అక్కడే పెట్టింది. రెండో కాలు కూడా వెళ్ళిపోయింది.

లోపల బల్ల మీద సర్దుకుని కూర్చున్నాక నా వైపు తిరిగింది.

"నువ్వెందుకు, ఆఫీసుకి పో! సాయంత్రానికొచ్చేత్తాను."

తాడు విప్పారు. లాంచీ కదిలింది. ముందు చీర మడతలు కనబడకుండా పోయాయి, తర్వాత చీరే మంచులో కలిసింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాస్త కష్టంగానూ ఉంది, అబద్ధమెందుకు. అమ్మ ఒక్క కంటితో గంగ దాటుతోంది. నాకు రెండు కళ్ళూ ఉండి, నీళ్ళు నిండి, లాంచీ ఏదో నది ఏదో తెలియలేదు.