షాక్ కొట్టిందనుకుని

డెబ్బైల్లో మాట ఇది. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మా ఆయనకు బెజవాడలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఒక సాయంత్రం క్లబ్బు హాల్లో కాలేజీ కుర్రాళ్లు కరెంటు గిటార్లతో ఇంగ్లీషు పాటలు పాడుతుంటే ఫోటోలు తీయమని ఆయనను పిలిచారు. క్లబ్బు నుంచి పిలుపు రావడం అదే మొదలు. కెమెరా చెక్క స్టాండు మోయడానికి నేనూ వెళ్లాను.

పాట మధ్యలో గిటారు కుర్రాడు కెవ్వున అరిచి, గిలగిలా కొట్టుకుంటూ కింద పడ్డాడు. గిటారుకు వైరు వేలాడుతోంది. అందరూ చోద్యం చూస్తున్నారు. పామర్రులో మా తమ్ముడు పొలం మోటారు దగ్గర షాక్ కొట్టి పోయినప్పుడు, కర్రతో కొట్టి విడిపించాలని తెలియక నేనూ అలాగే చూస్తూ నిలబడ్డాను. ఈసారి ఆగలేదు. స్టేజీ ఎక్కి స్టాండుతో అతని చేతుల మీద బలంగా కొట్టాను.

పాట ఆగిపోయింది.

"ఏంటండీ పిన్నిగారూ, పడిపోవడం కూడా పాటలో భాగమేనండీ!" అన్నాడతను, వేళ్లు పట్టుకుని.

"ఒరేయ్, నీ పాట పిన్నిగారికి నచ్చలేదురా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా ఒకటే నవ్వు. వేళ్లు వాచి అతను మళ్లీ వాయించలేకపోయాడు. మా ఆయన ఆ కుర్రాళ్ల ముందు చేతులు జోడించి క్షమించమన్నారు. నేను తలెత్తలేకపోయాను. క్లబ్బు వాళ్లు మళ్లీ పిలవలేదు.

దారిలో ఆయన ఒక్కటే అడిగారు. "తమ్ముడు గుర్తొచ్చాడా?"

ఇప్పుడు ఆయనా లేరు. ఆ కుర్రాడికి మాత్రం సంగతి చెప్పలేకపోయాను. ఎక్కడైనా ఇది చదివితే, బాబూ, కోపంతో కొట్టలేదయ్యా.